మీకూ ఇవ్వనా అమ్మా?

అత్తయ్య నాలుక మీద సత్ప్రసాదం (కథోలిక పూజలో క్రీస్తు శరీరంగా అందుకునే అప్పం) ఉంచి, చెంచాడు నీళ్లు తాగించాక మఠం నుంచి వచ్చిన సిస్టర్ గారు నా వైపు తిరిగారు. "మీకూ ఇవ్వనా అమ్మా?" అన్నారు.

నేను మంచానికి అవతల మోకాళ్ల మీద ఉన్నాను. నీళ్లు గొంతుకి అడ్డం పడకుండా అత్తయ్య తలని దిండుతో సహా పైకెత్తి పట్టుకున్నాను. అడిగింది నన్నేనని తెలియడానికి కాస్త టైం పట్టింది. "వద్దు సిస్టర్, ఇప్పుడే తిన్నాను. పావుగంట కూడా కాలేదు" అన్నాను.

"జబ్బులో ఉన్నవాళ్లకీ, వాళ్లని చూసుకునేవాళ్లకీ ఆ గంట నియమం లేదమ్మా" అన్నారు ఆవిడ, చాలా మామూలుగా.

అప్పటికి నేను సత్ప్రసాదం తీసుకుని ఏడు నెలలైంది. అత్తయ్యకి పక్షవాతం వచ్చిన రోజు నుంచి ఆదివారం పూజకి మావారూ పిల్లలూ వెళ్లేవారు, నేను ఇంట్లో ఉండేదాన్ని. ఆవిడని ఒంటరిగా వదిలేసి వెళ్లడానికి లేదు. రోగులకీ, వాళ్లని విడిచి రాలేనివాళ్లకీ ఆదివారం పూజ విషయంలో మినహాయింపు ఉందని నాకు తెలుసు. అందుకే తప్పు చేస్తున్నానన్న బాధ లేదు. కానీ వారాలు గడిచేకొద్దీ ఇంకో బాధ మొదలైంది. నన్ను ఎవరూ వెతకడం లేదనిపించేది. ఎవరు ఎదురైనా "మీ అత్తగారికి ఎలా ఉంది?" అనే అడిగేవారు. అది సహజమే. కానీ ఆ ఏడు నెలల్లో నేనెలా ఉన్నానని అడిగిన మొదటి మాట నా వరకు ఆ రోజు సిస్టర్ గారు అన్నదే. "మీకూ ఇవ్వనా అమ్మా?"

తర్వాత వెతికి చదివాను. 1983 నాటి శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలో 919వ అధికరణం. సత్ప్రసాదానికి ముందు గంటసేపు నీళ్లూ మందులూ తప్ప ఏమీ తీసుకోకూడదని మొదట చెప్పి, చివర్లో వృద్ధులకీ రోగులకీ వాళ్లని చూసుకునేవాళ్లకీ ఆ గంట దాటకపోయినా ఫర్వాలేదని రాశారు. "వాళ్లని చూసుకునేవాళ్లకీ" అన్న ఆ మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. చట్టం రాసినవాళ్లలో ఎవరో ఒకరికి మంచం పక్కన కూర్చునే మనిషి గుర్తొచ్చింది. ఆ మనిషి ఎప్పుడు తింటుందో, ఎప్పుడు నిద్రపోతుందో ఆమె చేతిలో ఉండదని వాళ్లకి తెలిసింది.

ఆ రోజు మాత్రం ఆ ఆలోచనలేవీ లేవు. నోరు తెరిచాను, అంతే. రెండు చేతులూ దిండు కిందే ఉన్నాయి మరి.

ఇప్పుడు నేనే ఆదివారం పూజ అయ్యాక సత్ప్రసాదం తీసుకుని నాలుగు ఇళ్లకి వెళ్తున్నాను. ఆరేళ్లైంది. దీని గురించి రాయమని మా విచారణలోని, అంటే మా గుడి పరిధిలోని, ఒకావిడ రెండుసార్లు అడిగారు. రాయాలంటే ముందు నాన్న గురించి చెప్పాలి.

నాన్న పోయి పదకొండేళ్లు. ఊపిరితిత్తుల జబ్బు. ఆసుపత్రిలో చేర్చిన మొదటి రోజే అడిగారు, "ఫాదర్ గారు ఉన్నారా, ఎక్కడికైనా వెళ్లారా?" అని. ఏదో మాటవరసకి అడిగారనుకున్నాం. మర్నాడు మళ్లీ అడిగారు. "నీకేమైందని నాన్నా ఇప్పుడు ఫాదర్ గారు? రెండు రోజుల్లో ఇంటికి వెళ్లిపోతాం, అప్పుడు పిలుద్దాం" అన్నాను. అన్నయ్య నన్ను బయటికి పిలిచి, ఇప్పుడు ఫాదర్ గారిని తీసుకొస్తే నాన్న ధైర్యం పోతుంది, పనైపోయిందనుకుంటారు అన్నాడు. నేనూ అదే అనుకున్నాను కాబట్టి వాడిని ఒక్కడినే అనడానికి లేదు. మూడో రోజు నాన్న అడగలేదు. నా మొహం చూసి ఊరుకున్నారు. ఆ సాయంత్రం వెంటిలేటర్ పెట్టారు.

నాలుగో రోజు అర్ధరాత్రి డాక్టర్లు ఇక లాభం లేదన్నాక పరుగెత్తాం. ఫాదర్ గారు నిద్ర లేచి, ఉన్నపళంగా వచ్చారు. వచ్చేసరికి యంత్రాలన్నీ ఆపేసి చాలాసేపైంది. అభ్యంగనం, అంటే రోగికి తైలం పూసి ప్రార్థించే సంస్కారం, బతికున్నవాళ్లకే ఇస్తారు. ప్రాణం ఉందో లేదో అనుమానంగా ఉంటే ఇవ్వాలనే నియమం, కానీ అక్కడ అనుమానానికి చోటు లేదు. జేబులోంచి తీసిన చిన్న తైలపు డబ్బీని ఆయన మూత తీయకుండానే మళ్లీ జేబులో పెట్టుకున్నారు. మృతుల కోసం చేసే ప్రార్థన చేశారు. మమ్మల్ని ఒక్క మాట అనలేదు.

దేవుడి దయ ఆ డబ్బీలో పెట్టి మూతేసింది కాదు, నాకు తెలుసు. నాన్న కోరిక ఆయన విన్నాడనే నమ్ముతాను. కానీ నాన్న అడిగింది మేము వినలేదు. "ఫాదర్ గారు ఉన్నారా" అంటే "నాకు కావాలి" అని. ఆ తరం మనుషులు తమ కోసం ఏదీ నేరుగా అడగరు. ఇప్పుడు ఏ ఇంట్లోనైనా మంచాన ఉన్న పెద్దవాళ్లు ఫాదర్ గారి ఊసెత్తితే, దాన్ని మాటవరసకి అన్నమాటగా తీసుకోకండని చెప్తాను.

మా భయంలో కొంత వంతు ఆ పేరుదే. మా అమ్మమ్మల కాలం నుంచి దాన్ని 'అవస్థ అభ్యంగనం' అనే అంటున్నాం. అవస్థ అంటే ఇక పోయే ఘడియ అని మా ఇళ్లలో అర్థం. "అవస్థ ఇప్పించారా?" అని ఎవరైనా అడిగితే పాడె సిద్ధమైందన్నట్టే వినిపించేది. ఇప్పుడు పుస్తకాల్లో 'వ్యాధిగ్రస్తుల అభ్యంగనం' అని వస్తోంది, గుళ్లోనూ అలాగే చెప్తున్నారు, కానీ ఇళ్లలో నోళ్లు ఇంకా తిరగలేదు.

నిజానికి మొదట్లో అది చావు సంస్కారం కాదు. బైబిలులోని యాకోబు లేఖ ఐదో అధ్యాయంలో, మీలో ఎవరైనా వ్యాధితో ఉంటే సంఘపు పెద్దలను పిలిపించుకోవాలి, వాళ్లు ప్రభువు పేరిట తైలం పూసి ప్రార్థిస్తారు, ప్రభువు అతణ్ని లేపుతాడు అని ఉంటుంది. వ్యాధితో ఉంటే అన్నాడు, చనిపోతుంటే అనలేదు. అందులో పిలిపించుకునేది కూడా రోగే. మధ్యయుగాల్లో ఎలాగో అది జరుగుతూ జరుగుతూ ఆఖరి గడియకి చేరిపోయింది. పీఠాధిపతులంతా (బిషప్పులు) కూడిన రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధన గురించి ఇచ్చిన పత్రంలో, ఇది ప్రాణం పోయే సమయంలో ఉన్నవాళ్లకి మాత్రమే కాదు, జబ్బువల్లో వృద్ధాప్యంవల్లో ప్రమాదం మొదలైనప్పుడే దీనికి తగిన సమయం వచ్చేసినట్టు అని స్పష్టంగా చెప్పింది. 1972 నవంబర్ 30న ఆరవ పౌలు జగద్గురువులు (పోపు) కొత్త క్రమాన్ని ఆమోదించారు. అంతకుముందు కళ్లు, చెవులు, ముక్కు, పెదవులు, చేతులు, కాళ్లు అన్నిటికీ తైలం పూసేవారు. ఇప్పుడు నుదురు, చేతులు. ఒలీవ తైలమే ఉండాలన్న పట్టుదల కూడా లేదు, దొరకని చోట మొక్కల నుంచి తీసిన వేరే నూనె వాడొచ్చు. పవిత్ర వారంలో పీఠాధిపతి ఆశీర్వదించిన తైలాన్ని అన్ని విచారణలకీ పంపుతారు. అత్యవసరమైతే గురువే, అంటే ఫాదర్ గారే, అక్కడికక్కడ ఆశీర్వదించుకోవచ్చు.

పెద్ద జబ్బుతో ఆపరేషన్‌కి వెళ్లే ముందు తీసుకోవచ్చు. వేరే జబ్బేదీ లేకపోయినా వయసు మీదపడి బాగా నీరసించిపోయినవాళ్లు తీసుకోవచ్చు. తెలివి తెలిసిన పిల్లలకి ఇవ్వొచ్చు. ఒకసారి తీసుకుని కోలుకున్నాక మళ్లీ జబ్బు చేస్తే మళ్లీ, అదే జబ్బు ముదిరితే మళ్లీ. స్పృహలో లేని మనిషైనా, తెలివిలో ఉంటే అడిగేవారే అనిపిస్తే ఇస్తారు. అయితే జలుబుకీ ఒళ్లు నొప్పులకీ కాదు. రోగుల కోసం గుళ్లో అందరికీ కలిపి అభ్యంగనం పెట్టినప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లు కూడా లైన్లో నిలబడుతుంటే నాకు కష్టంగా ఉంటుంది. వీల్‌చైర్‌లో వచ్చిన మనిషికి ఇచ్చే తైలం అది. దాన్ని ఆ మనిషికే ఉండనివ్వాలి.

నాన్న విషయంలో చేసింది అత్తయ్య విషయంలో చేయకూడదనుకున్నాను. సిస్టర్ గారు వచ్చి వెళ్లిన వారంలోనే ఫాదర్ గారికి ఫోన్ చేశాను. అత్తయ్యకి అప్పటికి మాట సగం పోయింది. ముందే చెప్పాను, "అత్తయ్యా, ఫాదర్ గారొస్తున్నారు, తైలం పూసి ప్రార్థన చేస్తారు, బలం కోసం" అని. ఆవిడ కళ్లు పెద్దవి చేసి నన్నే చూశారు. భయపడ్డారు. నేను అక్కడే కూర్చుని నాన్న సంగతి మొత్తం చెప్పేశాను. అంతకుముందు ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ చెప్పలేదు. విని, బాగున్న చెయ్యి నా చేతి మీద వేశారు.

ఫాదర్ గారు వచ్చాక మమ్మల్నందరినీ గదిలోంచి పంపేసి ముందు ఆవిడ పాపసంకీర్తనం, అంటే పాపాలు ఒప్పుకోవడం, విన్నారు. మాట రాని మనిషి ఏం చెప్తుందనుకున్నాను. ఆయన ఒక్కొక్కటే అడుగుతుంటే తలూపడం, చెయ్యి నొక్కడం సరిపోతుందట. తర్వాత వసారాలో నేనూ చేశాను. ఇంటికొచ్చిన ఫాదర్ గారిని మీరూ అడగండి, ఆయన కాదనరు.

లోపలికి వెళ్లాక ఆయన ఏమీ మాట్లాడకుండా తన చేతులు అత్తయ్య తల మీద ఉంచారు. అలా ఎంతసేపు ఉంచారో! గదిలో గడియారం చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత డబ్బీ తెరిచారు. అందులో తైలంలో నానిన దూది ఉంటుంది, దాని మీద బొటనవేలు అద్దారు. నుదుటి మీద సిలువ గుర్తు. కుడి చెయ్యి అత్తయ్యే చాపారు. ఎడమ చెయ్యి పక్షవాతం వచ్చినప్పటి నుంచి పిడికిలి బిగుసుకుపోయి ఉండేది. నేను లేచి సాయం చేయబోయాను. ఆయన తల అడ్డంగా ఊపి, తనే ఒక్కో వేలూ మెల్లగా విప్పారు. చిటికెన వేలితో మొదలుపెట్టి బొటనవేలి దాకా. విప్పిన వేళ్లని తన ఎడమ చేత్తో పట్టుకుని, అరచేతిలో తైలం పూశారు. ఆ అరచెయ్యి తెల్లగా, నలిగిన కాగితంలా ఉంది. నేను రోజూ తుడిచే చెయ్యే. కానీ ఎప్పుడూ తొందర తొందరగా తుడిచేదాన్ని.

నిన్ను పాపాల నుంచి విడిపించి, రక్షించి, లేవనెత్తునుగాక అన్న అర్థం వచ్చే ప్రార్థన అది. అత్తయ్య లేచి నడవలేదు. అలాంటి సాక్ష్యం చెప్పడానికి నా దగ్గర లేదు. ఆ చెయ్యి మళ్లీ మూసుకుపోయింది. కానీ ప్రతి సాయంత్రం గంటల తరబడి ఏడ్చే మనిషి ఆ సాయంత్రం ఏడవలేదు. ఆ తర్వాత కూడా ఏడుపు చాలా తగ్గింది. ఆ సంస్కారం మొదట ఇచ్చేది అదేనని శ్రీసభ సత్యోపదేశ గ్రంథంలో ఉంది: జబ్బునీ ముసలితనాన్నీ తట్టుకోవడానికి ఓదార్పు, శాంతి, ధైర్యం. ఆత్మకి మేలైతే శరీరానికి స్వస్థత కూడా. ఆవిడ ఇంకో రెండేళ్లు మాతో ఉన్నారు.

ఆ రెండేళ్లలోనే ఫాదర్ గారు నన్ను సత్ప్రసాదం మోసే పనికి పిలిచారు. నాలాంటి మామూలు విశ్వాసులు ఇలా సత్ప్రసాదం ఇవ్వడానికి 1973 నుంచి వీలుంది. నేను తైలం పూయలేను, పాపసంకీర్తనం వినలేను. ఆ రెండూ గురువుకే. గురువుకి సాయంగా అభిషేకం పొందిన డీకన్లకి కూడా లేదు. నాకున్నది మోసుకెళ్లే పని.

ఆ పని మాత్రం చాలా పాతది. దాదాపు 155వ సంవత్సరంలో పునీత (సెయింట్) జస్టిన్ రాసినదాంట్లో, పూజకి రాలేనివాళ్లకి డీకన్లు సత్ప్రసాదం తీసుకెళ్తారని ఉంది. ఇంకో విషయం తెలిసినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. గుళ్లో మందసం ఉంటుంది కదా, దీపం వెలుగుతూ, మనం వెళ్లి మోకరించేది. అందులో సత్ప్రసాదం దాచడానికి అన్నిటికంటే మొదటి కారణం ఆరాధన కాదట. పోయే స్థితిలో ఉన్నవాళ్లకి ఏ వేళప్పుడైనా అందించడానికి దాచడం మొదలుపెట్టారు, అలా ఉంది కాబట్టి దాని ముందు ఆరాధన పెరిగింది. ఇప్పుడు మందసం ముందు కూర్చుంటే, ఏ ఇంట్లోనో మంచం మీదున్న మనిషి కోసం తీసిపెట్టిన వాటా కనిపిస్తుంది నాకు.

సత్ప్రసాదాన్ని మూతున్న చిన్న గుండ్రటి పాత్రలో పెట్టి, దాన్ని సంచిలో వేసి మెడలో వేసుకుంటాను. గుడి నుంచి నేరుగా మొదటి ఇంటికే. దారిలో ఎవరైనా పలకరిస్తే తల వంచి వెళ్లిపోతాను. ఫోన్ ఆఫ్ చేస్తాను. ఇంటికి ఒకటి ఎక్కువే తీసుకెళ్తాను ఎప్పుడూ. ఎందుకో చెప్పక్కర్లేదు. మిగిలినవి తిరిగి మందసంలోకి వెళ్తాయి.

వెళ్లేసరికి మంచం దగ్గర చిన్న బల్ల, దాని మీద తెల్లటి గుడ్డ, సిలువ, కొవ్వొత్తి ఉంటే చాలు. ఆక్సిజన్ పెట్టిన గదిలో కొవ్వొత్తి వెలిగించొద్దు, ఇది ప్రతిచోటా చెప్తాను. టీవీ ఆపండి. మింగలేరని భయపడొద్దు, గోరంత ముక్కైనా చాలు, అందులో క్రీస్తు తక్కువేం కాడు. ఆ ముక్క కూడా మింగలేనివాళ్లకి ద్రాక్షారస రూపంలో చుక్కలుగా ఇచ్చే పద్ధతి ఉంది, దానికి ముందే ఫాదర్ గారితో మాట్లాడుకోవాలి.

నేను వెళ్లే ఇళ్లలో ఒకావిడకి మతిమరుపు జబ్బు. కూతురి పేరు గుర్తు లేదు. నన్ను ప్రతివారం కొత్తగా చూస్తారు. నేను పాత్ర మూత తీసి సత్ప్రసాదం పైకెత్తగానే ఆవిడ చెయ్యి దానంతటదే నుదుటికి వెళ్తుంది. సిలువ గుర్తు పూర్తిగా వేసుకుంటారు, ఒక్క తప్పు లేకుండా. కూతురు మొదట్లో "అమ్మకి ఏమీ తెలియదు కదండీ, ఇవ్వడం సరైనదేనా?" అని అడిగింది. ఫాదర్ గారిని అడిగి చెప్పాను. ఇది మామూలు ఆహారం కాదని, ఎంత కొద్దిగానైనా, ఆ మనిషి గుర్తుపడితే చాలు.

సత్ప్రసాదం ఇచ్చే ముందు అందరం ఒక మాట అంటాం, పూజలో కూడా అనేదే. ప్రభువా, మీరు నా యింట అడుగుపెట్టడానికి నేను పాత్రుణ్ని కాను అని. గుళ్లో వేలసార్లు అన్నాను. కానీ సువిశేషంలో (బైబిలులో క్రీస్తు కథ చెప్పే భాగం) శతాధిపతి అనే సైనికాధికారి ఆ మాట అన్నది పక్షవాతంతో ఇంట్లో పడి ఉన్న తన సేవకుడి కోసం. ఇల్లంటే నిజమైన ఇల్లు, మంచం, కదల్లేని మనిషి. అత్తయ్య గదిలో ఆ మాట అన్నాకే నాకు అది తట్టింది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి. ఎవరింట్లో ఎవరు మంచాన పడ్డారో గుడికి దానంతటది తెలియదు. ఆసుపత్రిలో చేర్చినా ఎవరూ కబురు పెట్టరు. "అంత బాగాలేకపోతే ఫాదర్ గారు రావద్దా?" అని కోపగించుకున్నవాళ్లని చూశాను. ఆయనకి తెలియలేదు, అంతే. మీరే ఫోన్ చేయండి. మనిషి మెలకువగా ఉంటున్నారా, మాట్లాడగలరా, మింగగలరా, పాపసంకీర్తనం కోరుతున్నారా, ఇవి చెప్తే ఆయన దానికి తగ్గట్టు వస్తారు. మెలకువ ఉన్నప్పుడే పిలవండి, వాళ్ల నోటితో వాళ్లు ఆమెన్ అనగలిగినప్పుడే.

అత్తయ్య చివరి వారంలో ఫాదర్ గారు మళ్లీ వచ్చి తైలం పూసి వెళ్లారు. రెండు రోజుల తర్వాత ఊపిరి మారింది. ఆయన అందుబాటులో లేరు, నన్నే తీసుకెళ్లమన్నారు. ఆఖరిసారి ఇచ్చే సత్ప్రసాదానికి లాటిన్‌లో వయాటికమ్ అని పేరు, ప్రయాణానికి కట్టిచ్చేది అని అర్థం. మా అమ్మమ్మ మాటల్లో అయితే దారిబత్తెం. అభ్యంగనం కాదు, అసలు పోయేవాళ్లకని ఉన్న సంస్కారం ఇదే. ఆ ఉదయమే ఒకసారి తీసుకున్నా సరే, మళ్లీ ఇవ్వమంటుంది శ్రీసభ.

తెల్లవారుజామున గుడి నుంచి నడిచి వచ్చాను. మావారు రాత్రంతా ఆవిడ పక్కనే కుర్చీలో ఉన్నారు, చొక్కా కూడా మార్చుకోలేదు. జ్ఞానస్నానపు (బాప్తిస్మం) ప్రమాణాలు అత్తయ్య తరఫున మేమే గట్టిగా చెప్పాం. చిన్న ముక్క నాలుక మీద పెట్టి, చెంచాతో రెండు చుక్కల నీళ్లు పోశాను. గొంతు కదిలింది. "క్రీస్తు ప్రభువే నిన్ను కాపాడి నిత్యజీవానికి నడిపించునుగాక" అన్నాను. ఆవిడ పెదవులు కలుసుకుని విడిపోయాయి, ఆమెన్ అనడానికే.

పాత్రలో ఇంకొకటి ఉంది. మావారి వైపు తిరిగాను. ఆయన రెండు చేతులతో అమ్మ బిగుసుకున్న పిడికిలిని పట్టుకుని ఉన్నారు.

"మీకూ ఇవ్వనా?" అన్నాను.

చేతులు తీయకుండానే నోరు తెరిచారు.